పలాస పంపిన సున్నా

ప్రేమ్‌కుమార్ జేబురుమాలు ముక్కు మీదికి వెళ్లిన సమయం పన్నెండూ ముప్పై అయిదు. నా పుస్తకంలో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నావంటే అప్పటికి నా దగ్గర జవాబు లేదు. వేలిముద్రల విభాగంలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరైనదాన్ని. ముందు రాసుకోవడం, ఆలోచన తర్వాత పెట్టుకోవడం నా అలవాటు.

“ఇందులో పరిశోధించడానికేం లేదు మేడమ్,” అన్నాడతను రుమాలు వెనక నుంచే. “దొంగ జవాబులు పంపారు, దొరికిపోయారు. మీ టైమూ వేస్టు, నా టైమూ వేస్టు.”

“నా టైము సంగతి నేను చూసుకుంటాను. మీరు ఆ కిటికీకి అడ్డం లేవండి,” అన్నాను.

అతను విశాఖపట్నం నుంచి వచ్చిన కంప్యూటర్ సెక్యూరిటీ నిపుణుడు. కాలేజీ కరస్పాండెంటు పిలిపించాడు. నన్ను పిలిచింది లెక్కల లెక్చరర్ భారతి. పలాసలో డిటెక్టివ్ ఏజెన్సీ ఏటమ్మా, జీడిపప్పు దొంగల్ని పడతావా అని నా బోర్డు చూసి నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు. నవ్వనీ. భారతి మాత్రం నవ్వలేదు. పొద్దున్నే నందిగాం నుంచి మొదటి బస్సుకొచ్చి నా గుమ్మంలో నిలబడింది.

కేసు ఇది. నాలుగేళ్లుగా ఈ కాలేజీ ల్యాబులోని ఇరవై నాలుగు కంప్యూటర్లు, పిల్లలు వాడనప్పుడల్లా, ప్రపంచమంతా కలిసి చేస్తున్న ఒక వేటలో పాల్గొంటున్నాయి. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగించబడని సంఖ్యల వేట. అరవై లక్షల అంకెలుండే సంఖ్యలు. ఒక్క సంఖ్యను పరీక్షించడానికి ఒక్కో యంత్రం నెలా, రెండు నెలలూ తీసుకుంటుంది. వేలమంది తలా ఒక సంఖ్య తీసుకుని, ఎవరి యంత్రం మీద వాళ్లు లెక్క వేసి, చివర్లో మిగిలిన శేషాన్ని పంపుతారు. శేషం ఏదైనా ఉంటే ఆ సంఖ్య పనికిరాదు. సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, చరిత్రలోకి ఎక్కుతుంది. జీతం లేదు, బత్తెం లేదు. అయినా పలాస జట్టు ప్రపంచంలో నలభై మూడో స్థానంలో ఉందని భారతి చెప్పినప్పుడు నాకే తల కాస్త పైకి లేచింది.

మూడు రోజుల కిందట ఐరోపాలో కూర్చున్న ఆ వేట కార్యదర్శి నుంచి ఈమెయిల్ వచ్చింది. పలాస పంపిన జవాబుల్లో ముప్పై ఒకటి, అవే సంఖ్యలను పరీక్షించిన వేరేవాళ్ల జవాబులతో సరిపోలేదట. పైగా ఆ ముప్పై ఒకటోది ఏకంగా సున్నా. పేరు కోసం లెక్క వెయ్యకుండానే దొంగ జవాబులు పంపేవాళ్లు ఇదివరకూ ఉన్నారట. ఇవాళ, శనివారం, మన టైము సాయంత్రం అయిదులోగా సంజాయిషీ రాకపోతే పలాస చేసిన పనంతా కొట్టేసి, జట్టు పేరు దొంగల జాబితాలో వేస్తారు. పేరు ఆ జాబితాలో పడిన మరుక్షణం ల్యాబ్ ఇన్‌చార్జి ఉమామహేష్‌ని పోలీసులకి అప్పగిస్తానని కరస్పాండెంటు చెప్పేశాడు.

ఉమామహేష్ బారువ కుర్రవాడు. ఇరవై ఆరేళ్లు. తండ్రి సముద్రం మీద వేట చేస్తాడు. ఈ ల్యాబులోనే చదువుకుని, ఈ ల్యాబులోనే ఉద్యోగం తెచ్చుకున్నాడు. మూల బల్ల దగ్గర తల దించుకుని నిలబడి ఉన్నాడు.

“జట్టు పాస్‌వర్డ్ ఎక్కడుందో చూశారా?” అన్నాడు ప్రేమ్‌కుమార్. గోడ మీద బోర్డు పక్కన సుద్దముక్కతో రాసి ఉంది, పెద్ద అక్షరాల్లో. “దారిన పోయేవాడు కూడా పలాస పేరుతో జవాబు పంపొచ్చు. ఇదీ మీ ఊరి సెక్యూరిటీ.”

అతను చెప్పింది నిజం. నిజమైనందుకు ఇంకా ఒళ్లు మండింది.

“పిల్లలు మర్చిపోతారని రాయించాను,” అంది భారతి నీరసంగా.

“భారతీ, ఆ ముప్పై ఒక్క జవాబులూ ఏ ఏ కంప్యూటర్లు వేశాయో తెలుస్తుందా?”

తెలుస్తుంది. ఆవిడ రిజిస్టరు మెయింటెయిన్ చేసింది. యంత్రం నంబరు, లెక్క మొదలైన తేదీ, ముగిసిన తేదీ. నాలుగేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు. దొంగ జవాబులు పంపేవాళ్లు ఇంత ఒద్దికగా రిజిస్టరు రాయరు. అరగంట కూర్చుని కార్యదర్శి జాబితానీ, ఈ రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి పోల్చాను. పోల్చడమే కదా నేను జీవితమంతా చేసింది.

ముప్పై ఒక్కటిలో ముప్పై, ఒకటి నుంచి ఎనిమిది వరకూ నంబర్లున్న యంత్రాలవే. ఆ ఎనిమిదీ కిటికీ పక్క వరసలో ఉన్నాయి. గోడ వైపు పదహారింటిలో ఏ ఒక్కదాని పేరూ లేదు. తేదీలు చూస్తే ఇంకా విచిత్రం. ప్రతి తప్పూ ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య నడిచిన లెక్కే. వర్షాకాలంలో అవే యంత్రాలు ఒక్క తప్పూ చెయ్యలేదు.

“దొంగకి వర్షమంటే భయమా ప్రేమ్‌కుమార్ గారూ?” అన్నాను.

“యాదృచ్ఛికం.”

“ముప్పైసార్లా?”

అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడియారం చూశాను. రెండూ అయిదు. పుస్తకంలో రాయబోయి ఆగాను.

“రుమాలు ఎందుకు తీశారు?”

“ఏంటి?”

“గంటన్నర ముక్కు మీంచి దించలేదు. ఇప్పుడు జేబులో పెట్టుకున్నారు. ఎందుకు?”

“ఆ పొగ తగ్గింది కాబట్టి. మీకు రావడం లేదా? పొద్దుట్నుంచీ ఘాటుగా, కళ్లలోకి...”

నాకు రాలేదు. భారతికీ రాలేదు, ఉమామహేష్‌కీ రాలేదు. పలాసలో పుట్టి పెరిగిన ముక్కులు మావి. కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. కాలేజీ గోడకి ఆనుకుని జీడి కార్ఖానా. పిక్కలు కాల్చే బట్టీ గొట్టం సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఉంది. సీజనులో పొద్దున్న ఆరింటికి వెలిగించి మధ్యాహ్నం రెండింటికి ఆపుతారు. సీజనంటే ఫిబ్రవరి నుంచి జూన్.

“ఉమామహేష్, మూడో నంబరు మూత విప్పు.”

విప్పాడు. లోపల ఫ్యాను రెక్కల మీద ముదురు గోధుమ రంగు జిగురు, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గానీ, ముసలివాడు మెట్లెక్కుతున్నట్టు తిరిగింది. గోడ వైపుది ఒకటి విప్పించాను. ఉత్త దుమ్ము, జిగురు లేదు.

వేలితో ఆ జిగురు తాకి చూశాను. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ పైడమ్మ ఈ ఊళ్లోనే ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టింది. ఆ తొక్కల నూనె ఆవిడ వేళ్ల మీది గీతలన్నీ తినేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సరదాకి ఆవిడ వేలిముద్ర తీద్దామని సిరా పూస్తే కాగితం మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. ఆ రోజు నేను ఏడ్చాను. అమ్మ మాత్రం, ఈ సేతి ఏళ్లతోనే నిన్ను సదివించినాను, ముద్ర పడకపోతే ఏటి అంది.

“పొగతో పాటు నూనె వచ్చి ఫ్యానుకి పట్టింది. ఫ్యాను సరిగ్గా తిరగక ఎండల్లో యంత్రం వేడెక్కింది, వర్షాల్లో చల్లబడింది. వేడెక్కిన యంత్రం లెక్క తప్పుతుందా?” అని అడిగాను.

ప్రేమ్‌కుమార్ వంగి ఫ్యానుని చాలాసేపు చూశాడు. “తప్పుతుంది,” అన్నాడు చివరికి. “కోట్ల మెట్ల లెక్కలో ఒక్క మెట్టు తప్పితే చాలు, చివరి శేషం మారిపోతుంది. పైకి అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది.”

“అయితే ముప్పై తప్పులకీ దొంగ లేడు.”

“ముప్పైకి లేడు. ముప్పై ఒకటోదానికున్నాడు.” అతను నిటారుగా నిలబడ్డాడు. “ఆ సున్నా ఈ ల్యాబులోంచి వెళ్లలేదు మేడమ్. బుధవారం మధ్యాహ్నం మూడూ నలభైకి బారువలోని ఒక ఫోన్ లైను మీదుగా వెళ్లింది. కార్యదర్శిని అడిగి తెప్పించాను. ఇంకోటి. పదిహేడో నంబరు కంప్యూటర్ ఎక్కడుంది?”

గోడ వరసలో పదిహేడో బల్ల ఖాళీగా ఉంది. రిజిస్టరులో మే రెండో తేదీన ‘రిపేరు’ అని రాసి ఉంది. ఉమామహేష్ రాత.

అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“పదిహేడో నంబరు ఏదిరా?”

“రిపేరికిచ్చినానండి.”

“ఎక్కడ?”

“టెక్కలిలోనండి.”

“అంత బరువు ఎలాగ మోసుకెళ్లినావు?”

“బస్సు మీద ఏసినానండి. కండక్టరు మనోడే.”

“బారువ బస్సు కండక్టరా?”

“అవునండి, దానయ్య...” అని ఆగిపోయాడు. టెక్కలి ఒక దిక్కు, బారువ ఇంకో దిక్కు.

“చూశారా! కాలేజీ సొత్తు దొంగతనం,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “మీరు రాకముందే స్టేషన్లో కంప్లయింటు ఇచ్చి వచ్చాను. బారువకి మనుషులు వెళ్తున్నారు.”

“నోరు ముయ్యండి కాసేపు,” అన్నాను. “ఉమామహేష్, బారువలో ఎక్కడ ఎట్టినావు?”

“మా గున్నయ్య మావ ఐసు ఫ్యాక్టరీలోనండి.” అన్నాడతను. “పడవలోళ్లకి ఐసు ఏత్తాడు. ఆఫీసు గది సల్లగుంటాది. జనరేటరుంది, కరెంటు పోదు. సెలవలకి ల్యాబు మూసేత్తారు కదండి, లెక్క ఆగిపోతాదని...”

“అది సగం. మిగతా సగం సెప్పు. వేల సంఖ్యలుండగా, ఎవరో ముందే తేల్చేసిన ఈ సంఖ్యే ఎందుకు ఎంచుకున్నావు?”

ఒక్క క్షణం అతని కళ్లు నా భుజం మీదుగా గోడకేసి వెళ్లి వెంటనే నేలకి దిగిపోయాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడకి ఒక పటం. భారతి ఈ ల్యాబులో వేసిన మొట్టమొదటి లెక్క, ప్రింటు తీసి అద్దం కట్టించింది. పైన, అరవై లక్షల అంకెలూ రాయక్కర్లేకుండా ఆ సంఖ్యకిచ్చిన ఎనిమిదంకెల గుర్తింపు నంబరు, కింద శేషం, తేదీ ఏప్రిల్ 19, 2001. నాలుగేళ్లు దాటింది అది అక్కడ వేలాడబట్టి. దాన్ని ఎవరూ చదవడం మానేసి కూడా మూడేళ్లయి ఉంటుంది, ఆ పొగ వాసనలాగే.

కార్యదర్శి జాబితా తీసి ముప్పై ఒకటోదాని గుర్తింపు నంబరుని పటంలోని నంబరు పక్కన పట్టుకున్నాను. మొదటి అంకె, రెండో అంకె, ఇలా చివరి దాకా వేలు పెట్టి చూశాను. అన్నీ ఒకటే.

“ప్రేమ్‌కుమార్ గారూ, ఈ సంఖ్యని మొదట పరీక్షించి, పనికిరాదన్నవాళ్లెవరు?”

“తెలీదు. పేరు లేని అకౌంటు. 2001 ఏప్రిల్.”

“కొత్తలో పేరు ఎక్కడ నింపాలో తెలీలేదండి నాకు,” అంది భారతి మెల్లగా. పటం దగ్గరికి వచ్చింది. “రిజిస్టరు మొదలెట్టకముందు, మూడో నంబరు మీద వేశాను. అంటే... మన సున్నాని కాదన్నది నేనేనా?”

“అందుకే సెప్పలేదు మేడమ్,” అని ఉమామహేష్ ఏడ్చేశాడు. “మీ పటం పక్కన ఇంకో పటం ఎట్టాలనుకున్నాను. అదే సంఖ్య, అదే శేషం, మీది కరెట్టని రెండో సాచ్చికం. సున్నా వచ్చీసింది. మీరు మొదటి లెక్కే తప్పేసినారని అందరికీ తెలిసిపోతాదని... నన్ను దొంగనుకున్నా పర్నేదు గానీ.”

నేను చాలామంది నిందితుల్ని చూశాను. గురువు పరువు కోసం జైలుకి సిద్ధపడ్డవాణ్ని మాత్రం అదే మొదటిసారి చూడడం.

“సెంటిమెంటు బాగుంది,” అన్నాడు ప్రేమ్‌కుమార్, కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. “ఆ సున్నా నిజమని రుజువేంటి? లెక్క వెయ్యకుండా సున్నా అని టైపు చెయ్యడం ఎవడికైనా వచ్చు.”

మంచి ప్రశ్న. టైము మూడూ పది. భారతి చెప్పింది: ప్రతి పది లక్షల మెట్లకీ యంత్రం ఒక గుర్తు రాసుకుంటుందట, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి పదహారు. లెక్క నిజంగా వేస్తేనే ఆ గుర్తు వస్తుంది, ఊహించి రాయడం ఎవరి తరమూ కాదు. సున్నా వచ్చిందని ఎవరన్నా, అబద్ధమనిపించినా సరే, కార్యదర్శి తన సొంత యంత్రం మీద మొదటి నుంచీ మళ్లీ వేస్తాడు. బుధవారం రాత్రి మొదలుపెట్టి ఉంటాడు.

“ఎంత దాకా వచ్చాడో అడుగు. ఉన్నదున్నట్టు రాయి. పొగ, నూనె, పేరు లేని అకౌంటు, ఐసు ఫ్యాక్టరీ, అన్నీ,” అన్నాను.

మూడూ యాభైకి జవాబొచ్చింది. నలభై లక్షల మెట్లు దాటాడట. నలభై లక్షల దగ్గర మీకున్న గుర్తు పంపండి, నాది ముందు చెప్పను అన్నాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది.

“రెండూ పంపుదాం,” అన్నాను. “మూడో నంబరు పాత ఫైల్లో ఉన్నదొకటి, బారువలో ఉన్నదొకటి. ఏది ఏ యంత్రానిదో చెప్పొద్దు. మా అమ్మావాళ్లు పప్పు ఏరాక తట్ట ఎవరిదో చెప్పకుండానే రెండో మనిషి ముందు పెడతారు. పేరు తెలిస్తే చూపు మారిపోతుందని.”

మూడో నంబరు గుర్తు అయిదు నిమిషాల్లో దొరికింది. రెండోది బారువలో ఉంది. కాలేజీకి ఉన్నది ఒకటే ఫోన్ లైను, అది ఇంటర్నెట్‌కి పెట్టి ఉంది. తీస్తే మళ్లీ ఎప్పుడు కలుస్తుందో దేవుడికే తెలియాలి. ముగ్గురం ప్రేమ్‌కుమార్ జేబుకేసి చూశాం. ఆ గదిలో సెల్‌ఫోన్ ఉన్నది అతనొక్కడి దగ్గరే. అతను నన్ను ఒకసారి చూసి, ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

నాలుగూ పదికి ఐసు ఫ్యాక్టరీ ఫోను ఎత్తారు. మొదట ఉమామహేష్ మాట్లాడి, ఏ ఫైలు తెరవాలో, ఏ వరస చూడాలో చెప్పాడు. దానికే పావుగంట పట్టింది. తర్వాత నేను అందుకున్నాను.

“గున్నయ్యా, ఇంగ్లీషు అక్షరాలు వచ్చునా?”

“పడవల మీద నంబర్లు రాసేది నానే గదమ్మా! ఎందుకు రావు?” చేపల వేలంపాటలో ధర అరిచే గొంతు అది. “రాసుకో. ఏడు... సి... నాలుగు... నాలుగు... డి, డీజిలు పీపా మీదుంతాదే, ఆ డి... తొమ్మిది...”

ఒక్కొక్కటీ పైకి చెబుతుంటే భారతి టైపు చేస్తోంది. పదకొండు అయ్యాయి. గొంతు ఆగింది. వెనక ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు.

“అమ్మా, పోలీసోలొచ్చినారు. మెసీను ఇచ్చీమంతన్నారు. దొంగ సొత్తంట. తీగలు పీకేత్తన్నారమ్మా!”

నాలుగూ ముప్పై రెండు. నేను ఫోన్ ప్రేమ్‌కుమార్ చేతిలో పెట్టాను.

“మీరు పంపినవాళ్లు. మీరే చెప్పండి. గెలవాలనుందా, నిజం తెలుసుకోవాలనుందా?”

అతను ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. “కానిస్టేబుల్‌కి ఇవ్వండి,” అన్నాడు ఫోన్లో. “నేను ప్రేమ్‌కుమార్‌ని. కంప్లయింటు ఇచ్చింది నేనే. ఆ కంప్యూటర్ ముట్టుకోకండి. అది దొంగ సొత్తు కాదు, సాక్ష్యం.”

మిగతా అయిదూ అతనే విన్నాడు, అతనే పైకి చెప్పాడు. చివరిది ‘ఎ’. నాలుగూ ముప్పై తొమ్మిదికి రెండు గుర్తులూ ఒకదాని కింద ఒకటి, ఏ పేరూ లేకుండా వెళ్లిపోయాయి.

ఇక చెయ్యడానికేమీ లేదు. ఉమామహేష్ మూడో నంబరు ఫ్యానుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. భారతి గోడ మీది పాస్‌వర్డు తడిచేత్తో చెరిపేసింది. ప్రేమ్‌కుమార్ కిటికీ దగ్గర నిలబడి బట్టీ గొట్టాన్నే చూస్తున్నాడు.

నాలుగూ యాభై ఆరు. జవాబొచ్చింది. భారతి చదవలేకపోయింది. ప్రేమ్‌కుమార్ వంగి చదివాడు, ఒక్కో మాటా తెలుగులోకి మార్చి.

“‘మొదటిది నా యంత్రంతో సరిపోలేదు. రెండోది పదహారుకి పదహారూ సరిపోయింది. అది ఏ యంత్రందో ఇప్పుడు చెప్పండి. పలాస జట్టు పేరు ఎక్కడికీ పోదు. మిగతా లెక్క పూర్తవడానికి నాకు ఇంకో పదిరోజులు పడుతుంది. కానీ ఇక్కడిదాకా ఇంత శుభ్రంగా లెక్కవేసిన యంత్రం చివర్లో సున్నా అందంటే, నేను ఈ పదిరోజులూ నిద్రపోను.’”

బల్ల మీది సెల్‌ఫోన్లోంచి గున్నయ్య గొంతు ఇంకా వినిపిస్తోంది. లైను కట్ చెయ్యడం అందరం మర్చిపోయాం.

“అమ్మా, ఏటైనాది? మనదే కరెట్టా?”

“మనదే గున్నయ్యా,” అన్నాను. “ప్రపంచంలో ఎవరికీ దొరకని సంఖ్య మీ ఐసు గదిలో దొరికింది.”

“అదేటో నాకు తెల్దు గానీ, మావోడు దొంగ కాదు గదా?”

“కాదు.”

“అది సాలు.”

భారతి పటం దగ్గరికి వెళ్లింది. తీసేస్తుందనుకున్నాను. ఉమామహేష్ కూడా అలాగే అనుకుని కంగారుగా లేచాడు. ఆవిడ పటాన్ని కాస్త ఎడమకి జరిపి, వంకర సరిచేసి, తన తప్పు శేషం మీద పట్టిన దుమ్ముని చెంగుతో తుడిచింది.

“ఇది ఇక్కడే ఉంటాది,” అంది. “ఉమామహేష్, సుత్తి తే. పక్కన ఇంకో మేకు కొట్టు.”